స్కానింగ్‌కి వచ్చే ముందు: ఫారం ఎఫ్ కౌంటర్ దగ్గర కూర్చునే మనిషి చెప్పే సంగతులు

తిరుపతిలో ఒక స్కానింగ్ సెంటర్‌లో కౌంటర్ నాది. బిల్లు కొట్టడం, టోకెన్ ఇవ్వడం, స్కాన్‌కి ముందు గర్భిణుల చేత ఫారం ఎఫ్ అనే చట్టప్రకారం తప్పనిసరైన కాగితం నింపించడం నా పని. పుత్తూరు, శ్రీకాళహస్తి, చంద్రగిరి, పాకాల వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తారు. వాళ్లలో సగం మందికి మా మీద చిరాకు. "కడుపులో బిడ్డను చూసేదానికి ఇన్ని కాగితాలేందమ్మా" అంటారు. మిగతా సగానికి భయం, ఎక్కడ సంతకం పెడితే ఏం మీదికొస్తుందోనని. ఆ చిరాకూ భయమూ కాస్త తగ్గితే నా పనీ తేలికవుతుంది, అందుకే ఇది రాస్తున్నా.

ముందు ఒకటి తేల్చుకుందాం. కడుపులో ఉన్నది ఆడో మగో తెలుసుకోకూడదు, చెప్పకూడదు అనేది ఒక చట్టం. అది 1994లో వచ్చింది, 2003లో మార్పులతో ఇంకా గట్టిపడింది. గర్భం ఎప్పుడు, ఎవరు, ఎక్కడ తీయించుకోవచ్చు అనేది వేరే చట్టం. అది 1971 నుంచే ఉంది, 2021లో మారింది. జనం ఈ రెండింటినీ కలిపేసి, స్కానింగ్ సెంటర్‌లో అబార్షన్ మాట ఎత్తితేనే కేసు అనుకుంటున్నారు. కొందరు మందుల షాపు వాళ్లు, చిన్న క్లినిక్‌ల వాళ్లు కూడా అలాగే అనుకొని ఆడవాళ్లను వెనక్కి పంపేస్తున్నారు. మీరు మాత్రం రెండింటినీ విడివిడిగా చూడండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇంటి దగ్గర బయలుదేరే ముందు

డాక్టర్ రాసిన చీటీ లేకుండా రావద్దు. ఆ చీటీలో స్కాన్ ఎందుకో రాసి ఉండాలి. ఉట్టి "స్కాన్" అని ఒక్క ముక్క రాసి పంపితే మేం ఆ డాక్టర్‌కి ఫోన్ చేసి కనుక్కోవాలి, ఈలోగా మీ టోకెన్ వెనక్కి పోతుంది. ఫారంలో 23 కారణాలు అచ్చులో ఉంటాయి. గర్భం ఎన్ని వారాలదో తెలుసుకోవడం, గర్భం సంచిలోనే ఉందా ట్యూబులో ఉందా అని చూడటం, కవలలా, రక్తస్రావం, ఉమ్మనీరు, మాయ ఎక్కడుంది, పాత సిజేరియన్ కుట్టు, బిడ్డ ఎదుగుదల, అవయవ లోపాలు, ఇలా. మీ చీటీలోని కారణం వీటిలో ఏదో ఒకదానికి సరిపోవాలి. "చూడాలనిపించింది" అనేది ఆ 23లో లేదు.

చీటీతో పాటు ఆధార్ కార్డు, పాత స్కాన్ రిపోర్టులు, ఏఎన్ఎం ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు తెచ్చుకోండి. అన్నిటికంటే ముఖ్యమైనది చివరి నెలసరి మొదటి రోజు తేదీ. ఇంట్లో క్యాలెండర్ మీద సున్నా చుట్టుకున్న అమ్మాయికి ఇక్కడ పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. మొన్న ఒకామె "గంగ జాతర చాటింపు వేసిన రోజక్కా" అంది. చాటింపు మంగళవారం రాత్రి కాబట్టి ఆ ఏడాది క్యాలెండర్ తీసి తేదీ పట్టేశాం. అందరికీ జాతర కలిసిరాదు కదా, రాసి పెట్టుకోండి. చట్టంలోని లెక్కలన్నీ నెలల్లో కాదు, వారాల్లో ఉంటాయి. ఆ వారాలు లెక్క పెట్టేది ఆ తేదీ నుంచే.

ఎప్పుడు రావాలి అంటే, డాక్టర్ చెప్పినప్పుడే. మామూలుగా 11 నుంచి 14 వారాల మధ్య బిడ్డ మెడ వెనక నీరు కొలిచే ఎన్‌టీ స్కాన్, 18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ ఒక్కొక్కటిగా చూసే టిఫా స్కాన్, చివరి మూడు నెలల్లో ఎదుగుదల చూసే స్కాన్ రాస్తుంటారు. తొలి వారాల స్కాన్‌కి మూత్రాశయం నిండుగా ఉండాలి, నీళ్లు తాగి రండి. టిఫాకి ఆ అవసరం ఉండదు, టిఫిన్ తినేసి రావచ్చు. ఖాళీ కడుపుతో గంటసేపు బెంచీ మీద కూర్చొని కళ్లు తిరిగి పడిపోయినవాళ్లను చూశాను.

టిఫాని మాత్రం వాయిదా వేయకండి. "శూన్యమాసం పోనీ", "సీమంతం అయినాక", "ఆయన బెంగళూరు నుంచి రావాలి" అంటూ ఆరో నెల నిండాక వస్తారు. అప్పుడు ఏదైనా లోపం బయటపడితే చేయగలిగిన పనులు తగ్గిపోతాయి. ఎందుకో కింద చెబుతా. నాలుగు నెలలు నిండి ఐదో నెల పడగానే వచ్చేయండి. డబ్బు ఇబ్బంది ఉంటే ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే దారి చెబుతుంది. తిరుపతిలో ప్రభుత్వ మెటర్నిటీ ఆసుపత్రి ఉండనే ఉంది.

ఫారం ఎఫ్ నింపేటప్పుడు

మీ పేరు, వయసు, అడ్రసు, ఫోన్ నంబరు, పంపిన డాక్టర్ పేరు. వీటి దగ్గర ఎవరికీ అభ్యంతరం ఉండదు. గొడవంతా "మీకు ఎంతమంది పిల్లలు, అందులో ఆడపిల్లలెందరు, మగపిల్లలెందరు, వాళ్ల వయసులెంత" అనే గడి దగ్గరే. ఇద్దరు ఆడపిల్లల తల్లులు ఇక్కడ ముఖం చిన్నబుచ్చుకుంటారు. మాకెందుకు ఆ ఆరా అని కొందరు భర్తలు మీదికొస్తారు. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడో గర్భానికి ఎవరు, ఏ కారణంతో స్కాన్‌కి వచ్చారో తనిఖీ చేసేవాళ్లకు తెలియాలి, అందుకే ఆ గడి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తక్కువ చేసి చెబితే మీకు ఒరిగేదేం లేదు, తర్వాత కాగితాలు కలవకపోతే తలనొప్పి తప్ప.

పక్కన ఎవరి పేరు రాయాలి అనేది ఇంకో చిక్కు. ఫారంలో భర్త పేరు ఒక్కటే లేదు, తండ్రి పేరో తల్లి పేరో కూడా రాయొచ్చు. పెళ్లి కాని అమ్మాయి అయినా, భర్త నుంచి విడిగా ఉంటున్నా, అమ్మ పేరు రాస్తే సరిపోతుంది. కౌంటర్‌లో ఎవరైనా "మీ ఆయన ఎక్కడ" అని రెట్టిస్తే ఈ సంగతి చెప్పండి.

సంతకం పెట్టే చోట ఒక ప్రకటన ఉంటుంది: ఈ స్కాన్ ద్వారా నా గర్భంలోని పిండం ఆడో మగో తెలుసుకోవాలని నేను కోరుకోవడం లేదు అని. తెలుగులోనే ఉండాలి, చదివి పెట్టండి. చదువు రానివాళ్లకు మేం చదివి వినిపిస్తాం, వేలిముద్ర వేస్తే తోడు వచ్చినవాళ్ల పేరు, వరస, ఫోన్ నంబరు కూడా రాసుకుంటాం. కింద డాక్టర్ కూడా తాను చూడలేదని, చెప్పలేదని సంతకం పెడతారు. ప్రతి నెలా 5వ తేదీలోగా అంతకు ముందు నెల స్కాన్‌ల లెక్క జిల్లా అధికారులకు పోతుంది. ఫారాలు కనీసం రెండేళ్లు దాచాలి. ఒక గడి ఖాళీగా వదిలితే అంత నేరమా అని డాక్టర్ల సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గర్భంలో ఉన్నది ఎవరో చెప్పేవాళ్లను పట్టుకోవడానికి ఈ కాగితమే ఆధారం కాబట్టి సడలించేది లేదని 2019లో కోర్టు తేల్చేసింది. మా సార్ ఊరికే మమ్మల్ని అరవడు మరి.

ఇక ఆ ఫారంలోనే, చివరికి దగ్గరలో, ఎవరూ చూడని గడి ఒకటుంది. స్కాన్‌లో కనిపించిన లోపాన్ని బట్టి గర్భం తీసేయాల్సిన అవసరం ఏమైనా ఉందా అని అందులో డాక్టర్ రాయాలి. ఆడా మగా చెప్పకుండా ఆపే చట్టం కింద అచ్చయిన కాగితమే అబార్షన్‌కి ఒక గడి ఉంచింది. రెండు చట్టాలకూ పడదని వాదించేవాళ్లకు నేను ఆ గడి చూపిస్తా.

గది లోపల

గోడ మీద ఇంగ్లీషులోనూ తెలుగులోనూ "లింగ నిర్ధారణ చేయబడదు" అనే బోర్డు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కనపడేలా ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆ సెంటర్ నుంచి లేచి వచ్చేయండి. లోపల ఫోన్‌తో వీడియో తీయకండి. భర్తనో తల్లినో లోపలికి రానివ్వడం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, ముందే అడగండి.

డాక్టర్‌ని అడగాల్సినవి అడగండి. గుండె సరిగ్గా కొట్టుకుంటోందా, మాయ కిందికి ఉందా, ఉమ్మనీరు చాలినంత ఉందా, వెన్ను, గుండె గదులు, కిడ్నీలు కనిపించాయా, మళ్లీ స్కాన్ అవసరమా. ఇవి అడిగేవాళ్లు తక్కువ. అడగకూడనిది మాత్రం వంద రకాలుగా అడుగుతారు. చంద్రగిరి నుంచి కోడల్ని తీసుకొచ్చిన పెద్దావిడ ఒకామె కౌంటర్ మీద మోచేతులు ఆనించి, గొంతు తగ్గించి, "అమ్మా, మనవడు పుడితే మెట్ల దారిన కొండెక్కి గుండు కొట్టిస్తానని మొక్కున్నా. మోకాళ్లు పోకముందే ఎక్కేయాలని ఉంది. ఇప్పుడే ఎక్కేయొచ్చునా, సార్‌ని ఒక మాట అడిగి చెప్పు" అంది. తెలివైన మనిషే. "బిడ్డ బాగుంది పెద్దమ్మా, ఆ సంతోషానికైనా ఎక్కేయొచ్చు" అన్నాను. ఆమె నన్ను కింది నుంచి పైకి చూసి పోయింది.

మాటతోనే కాదు, సైగతో, మిఠాయి పేరుతో, కాగితం మీద గుర్తుతో ఎలా చెప్పినా నేరమే అని చట్టంలో స్పష్టంగా ఉంది. చెప్పిన డాక్టర్‌కి మూడేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా, పైగా శిక్ష పడితే మెడికల్ కౌన్సిల్ జాబితాలోంచి పేరు ఐదేళ్లపాటు తీసేస్తారు. తెలుసుకోవడానికి తీసుకెళ్లినవాళ్లకు మూడేళ్లు, యాభైవేల దాకా జరిమానా. బెయిల్ హక్కుగా రాదు, రాజీ కుదరదు. గర్భిణిని ఎవరో బలవంతం చేసి తెచ్చారనుకుంటే ఆమెకు శిక్ష లేదు. కోర్టు కూడా, కాదని రుజువయ్యేదాకా, భర్తో బంధువులో ఒత్తిడి పెట్టారనే అనుకుంటుంది. అత్తలకు, ఆడబిడ్డలకు ఈ ముక్క ఒకసారి చదివి వినిపించండి.

బిడ్డ వీడియో కావాలనేవాళ్లకు

అమెరికాలో ఉన్న మా పిన్నమ్మ కూతురు 3డీ స్కాన్ ఫొటోలు పంపింది. అక్కడ డాక్టర్‌తో పనిలేకుండా, షాపుల్లో, జ్ఞాపకం కోసం స్కాన్ తీసి వీడియో ఇస్తారు. పుట్టబోయేది ఆడో మగో చాటడానికి గులాబీ, నీలం రంగుల పార్టీలు కూడా చేసుకుంటారు. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఉత్త సరదాకి ఇలాంటి స్కాన్‌లు వద్దనే చెబుతోంది. అల్ట్రాసౌండ్ ఎక్స్‌రే కాదు, కానీ కణజాలాన్ని కొద్దిగా వేడెక్కిస్తుంది కాబట్టి అవసరం ఉన్నంత సేపే వాడాలన్నది డాక్టర్ల పద్ధతి.

మన దగ్గర అది పద్ధతి మాత్రమే కాదు, చట్టం. వైద్య కారణం లేకుండా గర్భిణికి స్కాన్ చేయమని భర్త అడిగినా తప్పే. సీమంతానికి వీడియో కావాలి, ఎంతైనా ఇస్తాం అని వస్తారు. మేం చేయం. వైద్య కారణంతో చేసిన స్కాన్‌లో ముఖం స్పష్టంగా కనిపిస్తే డాక్టర్ ఒక ఫొటో ఇవ్వొచ్చు, దాన్ని ఆల్బంలో పెట్టుకోండి. విదేశానికి వెళ్లి తెలుసుకొని ఇక్కడ వీడియో పెడదాం అనుకునేవాళ్లకు ఒకటి గుర్తుచేస్తా. 2024లో చెన్నై యూట్యూబర్ ఒకాయన దుబాయ్‌లో స్కాన్ చేయించుకొని పార్టీ వీడియో పెడితే తమిళనాడు ఆరోగ్య శాఖ నోటీసు ఇచ్చింది, వీడియో తీసేయాల్సి వచ్చింది. రక్తపరీక్షతో ఇంట్లోనే తెలుసుకోవచ్చని నెట్‌లో కనిపించే కిట్ల ప్రకటనలు కూడా నిషేధమే. 2017లో సుప్రీంకోర్టు గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్‌లకు ఈ ప్రకటనల విషయంలోనే ఆదేశాలిచ్చింది.

ఇంత కట్టడి అవసరమా అనే వాదన ఉంది. 2016లో అప్పటి కేంద్ర మంత్రి మేనకా గాంధీ, దాచడం కాదు, ప్రతి గర్భిణికీ చెప్పేసి, రిజిస్టర్‌లో రాసి, బిడ్డ పుట్టేదాకా కనిపెట్టుకుంటే సరిపోతుందని సూచించారు. నాకు అది నచ్చలేదు. అది అమలైతే కనిపెట్టుకోవాల్సింది మా ఏఎన్ఎంలు, మాట పడాల్సింది గర్భిణి. దేశంలో ఆరేళ్ల లోపు పిల్లల్లో ప్రతి వెయ్యి మంది మగపిల్లలకు 1991లో 945 మంది ఆడపిల్లలుంటే 2001కి 927, 2011 నాటికి 920 కూడా లేరు. ఇంట్లో తెలిసిపోయాక ఆమె ఒక్కతే ఎంతమందిని ఎదిరించగలదు?

గర్భం వద్దనుకుంటే, టిఫాలో లోపం కనిపిస్తే

అమెరికాలో అబార్షన్ హక్కు మీద సుప్రీంకోర్టు 2022లో యాభై ఏళ్ల నాటి తీర్పు కొట్టేశాక రాష్ట్రానికో రూలు అయింది. కొన్ని రాష్ట్రాల్లో అబార్షన్‌కి ముందు స్కాన్ తప్పనిసరి చేశారు, మనసు మార్చుకుంటుందేమోనని. ఆ వార్తలు వాట్సాప్‌లో చూసి ఇక్కడా నిషేధం వచ్చిందని అడుగుతున్నారు. రాలేదు. మన రూలు ఇదీ.

20 వారాల దాకా ఒక డాక్టర్ ఒప్పుకుంటే చాలు. తల్లి ప్రాణానికి, శరీరానికి, మనసుకు ముప్పు ఉన్నా, బిడ్డలో తీవ్రమైన లోపం ఉన్నా, కుటుంబ నియంత్రణ సాధనం విఫలమైనా కారణమే. 2021 మార్పుతో "భర్త" అన్న చోట "భాగస్వామి" అని వచ్చింది. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. అది అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, బిడ్డలో లోపం తేలినవాళ్లు, ఇలాంటివారికి. పెళ్లి కాని అమ్మాయిలకూ ఇది వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. 24 దాటితే బిడ్డలో తీవ్రమైన లోపం ఉంటేనే, అదీ మెడికల్ బోర్డు, అంటే ప్రభుత్వం వేసిన డాక్టర్ల బృందం, ఒప్పుకుంటేనే. బోర్డు మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలి. తల్లి ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఈ వారాల లెక్క అడ్డురాదు. 2023లో 26 వారాల గర్భిణి ఒకామె కోర్టుకెళితే, బిడ్డ ఆరోగ్యంగా ఉందని అనుమతించలేదు. టిఫాకి తొందరగా రమ్మన్నది ఇందుకే. 19వ వారంలో గుండెలో లోపం కనిపిస్తే ఇంకో డాక్టర్‌కి చూపించుకోవడానికి, ఇంట్లో కూర్చొని ఏడవడానికి, ఆలోచించుకోవడానికి టైం ఉంటుంది. 25వ వారంలో కనిపిస్తే బోర్డు చుట్టూ తిరగాలి. వేలూరు సీఎంసీకి, చెన్నైకి రెండో అభిప్రాయం కోసం వెళ్లే చిత్తూరు వైపు వాళ్లు ప్రయాణం, అపాయింట్‌మెంట్ రోజులు కూడా ఈ లెక్కలో వేసుకోవాలి.

18 నిండిన మనిషి అయితే సంతకం ఆమెది ఒక్కటే. భర్త సంతకం, అత్త సంతకం చట్టం అడగదు. ఆసుపత్రి వాళ్లు అడిగితే ఏ రూలు కింద అడుగుతున్నారో రాసిమ్మనండి. ఆమె పేరు బయటపెడితే ఏడాది దాకా జైలు. ఇది ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, అనుమతి ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో గానీ మాత్రమే చేయించుకోండి.

మాత్రలతో 9 వారాల దాకా చేస్తారు, డాక్టర్ రాస్తేనే. మందుల షాపులో కిట్ కొని మింగి, పది రోజులు రక్తస్రావంతో ఇక్కడికి వచ్చేవాళ్లు ఉంటారు. ట్యూబులో గర్భం ఉంటే ఆ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలితే ప్రాణం పోతుంది. ముందు స్కాన్ చేయించుకోండి. గర్భం ఎక్కడుందో, ఎన్ని వారాలో చూడటం ఆ 23 కారణాల్లోనే ఉంది. "అబార్షన్ కోసం వచ్చా" అని కౌంటర్‌లో చెప్పడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు, మీ చీటీ చూస్తే మాకు అర్థమవుతుంది.

ఒక్కటి మాత్రం ఏ చట్టం కిందా కుదరదు. ఆడబిడ్డ అని తెలుసుకొని తీయించుకోవడం. ఆమెకు ఇష్టం లేకుండా తీయించడం ఇంకా పెద్ద నేరం, దానికి యావజ్జీవం దాకా ఉంది.

ఇంట్లో ఒత్తిడి చేస్తుంటే

181కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఏదైనా సెంటర్ ఆడా మగా చెబుతోందని తెలిస్తే జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్ఓ) ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి తిరుపతి జిల్లా సెంటర్ మీద చిత్తూరులో, చిత్తూరు సెంటర్ మీద తిరుపతిలో ఇస్తే కాగితం తిరుగుతూనే ఉంటుంది. సెంటర్ ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లాలోనే ఇవ్వండి. తెల్ల కాగితం మీద తెలుగులో రాసినా చాలు. సెంటర్ పేరు, తేదీ, వేళ, ఎవరు ఏమన్నారో రాయండి, బిల్లు నకలు జతచేయండి. అవసరమైతే నేనే కోర్టుకు వెళతాను అని అందులోనే ఒక వాక్యం రాసి, అందినట్టు సీల్ వేయించుకోండి. పదిహేను రోజులు గడిచినా కదలిక లేకపోతే ఆ సీల్ ఉన్న కాగితంతో మీరే నేరుగా మేజిస్ట్రేట్ కోర్టులో కేసు వేయొచ్చు.